నేపుల్స్‌లో మూడు రోజులు: శాకాహారులైన పెద్దవాళ్లతో ఏం తినాలి, ఏం చూడాలి?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. అక్టోబరు రెండో వారంలో రోమ్ నుంచి నేపుల్స్ వెళ్తున్నాం. సోమవారం సాయంత్రం దిగుతాం, శుక్రవారం పొద్దున్నే తిరుగు రైలు. అంటే చేతిలో ఉన్నవి మంగళ, బుధ, గురువారాలు. మొత్తం నలుగురం. అమ్మానాన్నలు డెబ్బైకి దగ్గర్లో ఉన్నారు. గుడ్డు కూడా ముట్టరు, పాలు, చీజ్ పర్వాలేదు. మేమిద్దరం కోడి, చేప తింటాం. గొడ్డు, పంది ముట్టం. పాంపే (వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పూడిపోయిన పాత రోమన్ ఊరు), మ్యూజియం, పాత ఊరు చూడాలని ఉంది. ఏ రోజు ఏది పెట్టుకోవాలి? పిజ్జా కాక అమ్మానాన్నలకు ఇంకేం దొరుకుతుంది?

రైలుబండి:
ముందు సెలవు రోజులు చూసుకోండి, ప్లాన్ దానంతట అదే వస్తుంది. పురావస్తు మ్యూజియానికి మంగళవారం సెలవు. ముసుగు క్రీస్తు విగ్రహం ఉన్న సాన్సెవేరో చాపెల్‌కీ మంగళవారమే. కొండ మీది సాన్ మార్తీనో మఠం, కాపొదిమోంతే చిత్రకళా మ్యూజియం బుధవారం మూస్తారు. కాబట్టి మంగళవారం పాంపే, బుధవారం పాత ఊరు, మ్యూజియం, గురువారం కొండలు. ఈ వరస తిప్పితే ఏదో ఒకచోట మూసిన తలుపు దగ్గర నిలబడాల్సి వస్తుంది.

సాన్సెవేరో టికెట్లు ఇప్పుడే ఆన్‌లైన్‌లో తీసుకోండి. టైమ్ స్లాట్ల పద్ధతి, చాలా ముందే అయిపోతాయి. 

రోమ్ తెర్మినీ నుంచి నాపోలి చెంత్రాలేకి హైస్పీడ్ రైలు గంటా పది, గంటా పావు తీసుకుంటుంది. టికెట్ మీద చెంత్రాలే అనే ఉందా చూసుకోండి. కొన్ని రైళ్లు ఊరి బయట ఆఫ్రగోలా అనే స్టేషన్‌లో ఆగుతాయి, పొరపాటున అక్కడ దిగితే తిప్పలు.

మిరపతోట:
తిండి సంగతి నేను చెప్తాను. నేపుల్స్ పిజ్జా పిండిలో ఉండేది మైదా, నీళ్లు, ఉప్పు, ఈస్ట్, అంతే. గుడ్డు, పాలు, కొవ్వు ఏవీ పడవు. కాబట్టి పిజ్జా రొట్టె వరకు అమ్మానాన్నలకు ఏ ఇబ్బందీ లేదు. పైన వేసేవాటి దగ్గరే చూసుకోవాలి.

మారినారా అడగండి. టమాటా, వెల్లుల్లి, ఒరేగానో, ఆలివ్ నూనె. చీజ్ ఉండదు, అన్నిటికంటే చవక కూడా. మార్గెరీతా అంటే టమాటా, మొజరెల్లా, తులసిని పోలిన బాసిలికో ఆకు. కారం కావాలంటే "ఓలియో పికాంతే" అనండి, మిరప నానిన నూనె సీసా తెచ్చి పెడతారు. అది లేకపోతే ఈ పిజ్జా మన నాలుకకి కాస్త చప్పగానే ఉంటుంది.

కాంచనమాల:
మారినారా అంటే సముద్రపు చేపలు వేస్తారు కదా? పేరులోనే సముద్రం ఉంది. శాకాహారులకి చెప్పేముందు ఒకసారి చూసుకోండి.

మిరపతోట:
లేదండి, నేపుల్స్ మారినారాలో చేప ఉండదు. సముద్రం మీదికి వెళ్లేవాళ్లకి ఇష్టమైన పిజ్జా కాబట్టి ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. చేప ఉండేది మెనూలో "అలీచి" లేదా "అచ్చూగె" అని రాసిన చోట. అవి ఉప్పులో ఊరబెట్టిన చిన్న చేపలు. అనుమానంగా ఉంటే "సెంత్సా అలీచి" అంటే చాలు.

అసలు జాగ్రత్త పడాల్సింది పేరులో మాంసం కనిపించని వాటి దగ్గర. జెనోవేసే అని ఒక పాస్తా ఉంది. చూడటానికి ఉల్లిపాయ గుజ్జులా ఉంటుంది, బోలెడు ఉల్లిపాయ గంటల తరబడి మగ్గిస్తారు కాబట్టి. కానీ ఆ ఉల్లిపాయతో కలిపి ఉడికేది గొడ్డు మాంసం. మీ నలుగురిలో ఎవరికీ పనికిరాదు. రగూ అనే మాంసపు సాసు కూడా అంతే, గొడ్డు, పంది రెండూ పడతాయి. పాస్తా ఎ ఫజోలీ అంటే చిక్కుడు గింజలతో చేసేది, అందులో చాలాచోట్ల పంది చర్మం ముక్క వేసి ఉడికిస్తారు. పాస్తా ఎ పతాతే బంగాళాదుంపది, దానికీ అడుగున పంది మాంసం తాలింపు పడుతుంది. అడగకుండా తీసుకోవద్దు.

ఇంకా ముఖ్యమైనది స్త్రుత్తో, అంటే పంది కొవ్వు. నేపుల్స్ యాసలో 'న్‌జోన్యా అంటారు. పొరలు పొరలుగా ఉండే స్ఫొల్యతెల్లా అనే మిఠాయిలో ఆ పొరలు విడివిడిగా రావడానికి మధ్యలో పూసేది ఈ కొవ్వే. మిరియాల తరాల్లీ (బాదం గుచ్చిన కరకరలాడే చుట్టలు) కూడా పంది కొవ్వుతోనే చేస్తారు. చూస్తే మన చేగోడీల్లా ఉంటాయి కాబట్టి అమ్మగారు చెయ్యి పెట్టే ప్రమాదం ఉంది, ముందే చెప్పి ఉంచండి.

గడపముగ్గు:
మిరపతోట గారు చెప్పినదానికి చేర్పు. ఈ మూడు మాటలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి:
"చె కార్నే దెంత్రో?" లోపల మాంసం ఉందా?
"ఎ ఫాత్తో కొన్ లో స్త్రుత్తో?" పంది కొవ్వుతో చేసిందా?
"సెంత్సా ఉవోవా" గుడ్లు లేకుండా.
ఊరికే "వెజెతారియానో" అంటే చాలామంది మాంసం ముక్క కనిపించకపోతే చాలనుకుంటారు. కొవ్వు, చేప, మాంసం ఉడికించిన నీళ్లు వాళ్ల లెక్కలోకి రాకపోవచ్చు. విడివిడిగా అడిగితే నిజాయితీగా చెప్తారు.

గుడ్డు సంగతి: ఎండు పాస్తాలో గుడ్డు ఉండదు, గోధుమ రవ్వ, నీళ్లే. "అల్ల్‌వోవో" అని రాసి ఉంటే గుడ్డు పాస్తా. వంకాయ పర్మిజానాలో ముక్కల్ని కొందరు గుడ్డులో ముంచి వేయిస్తారు, కొందరు ముంచరు. అందుకే అక్కడ ఆ మూడో ప్రశ్న తప్పనిసరి.

మీ అమ్మానాన్నలకు ధైర్యంగా చెప్పగలిగినవి: స్పగెత్తీ అల్ పొమొదోరో (టమాటా, బాసిలికో), శనగలతో చేసే పాస్తా ఎ చేచి, సొరెంతో పద్ధతి న్యోక్కీ (బంగాళాదుంప ఉండలు, టమాటా, చీజ్, అందులో రగూ వేశారా, పిండిలో గుడ్డు కలిపారా అని అడగాలి). ఇవి కాక "కొంతోర్నీ" అనే శీర్షిక కింద కూరలు ఉంటాయి. వాటిలో ఫ్రియరియెల్లీ తప్పకుండా తెప్పించండి. ఆవ జాతి ఆకుకూర, కాస్త చేదు, వెల్లుల్లి, ఎండుమిరపతో వేయిస్తారు. మన నాలుకకి వెంటనే నచ్చే రుచి. విడిగా అడగండి, లేకపోతే పంది సాసేజ్‌తో కలిపి తెస్తారు. గుమ్మడి జాతి జుక్కీనీ ముక్కల్ని వేయించి వెనిగర్, పుదీనాలో ఊరబెట్టే స్కాపేచే కూడా బాగుంటుంది.

పాతరాళ్లు:
చీజ్ విషయంలో ఒక మాట దాటేశారు. పర్మిజానో గట్టిపడేది దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో, వాళ్ల నిబంధనే అది. పెకొరీనోకి సాధారణంగా గొర్రెపిల్లది వాడతారు. గేదెపాల మొజరెల్లాకీ దూడ రెన్నెట్టే. కృష్ణాతీరం గారి అమ్మానాన్నలకు ఇది పట్టింపు ఉందో లేదో ముందే మాట్లాడుకోండి. ఉంటే మారినారా, టమాటా స్పగెత్తీ, కూరలు. పాస్తా మీద చల్లే చీజ్ వద్దనడానికి "సెంత్సా ఫొర్మాజ్జో".

కృష్ణాతీరం:
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, చాలా సంతోషం. రెన్నెట్ సంగతి నాన్నగారికి చెప్పాను. తెలిసి తినలేనన్నారు. అమ్మకి పట్టింపు లేదు. మరి మొజరెల్లా గేదెపాలదంటున్నారు కదా, మన గేదెలేనా? పిజ్జాకి ఏ కొట్టు మంచిది?

మిరపతోట:
అవి కూడా నీటి గేదెలే, మధ్యధరా జాతివి. కంపానియా ప్రాంతపు గేదెపాల మొజరెల్లాకి 1996 నుంచి ఐరోపా రక్షిత గుర్తింపు ఉంది. కొనేటప్పుడు రెండు విషయాలు. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా తినకూడదు, బిగుసుకుపోయి రబ్బరులా ఉంటుంది. దాని నీళ్లలోనే ఉంచి, గది వేడికి వచ్చాక కోయాలి. కోస్తే పాల లాంటి నీరు కారాలి, అది తాజాదనానికి గుర్తు.

పిజ్జా మీదకి మాత్రం ఆవుపాల మొజరెల్లా, అంటే ఫ్యోర్ ది లాత్తే, మేలని నా అభిప్రాయం. గేదెపాలదానిలో తేమ ఎక్కువ, ముందే వడకట్టకపోతే పిజ్జా నడుమ చెరువవుతుంది.

కొట్లు: స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరంలో, చేజరే సెర్సాలే వీధిలో దా మికేలే ఉంది, 1870 నుంచి నడుస్తున్న ఇల్లు. మెనూ చాలా చిన్నది, మార్గెరీతా, మారినారా చుట్టూనే తిరుగుతుంది. వియా దెయ్ త్రిబునాలిలో సొర్బిల్లో, ది మత్తేయో. మతెర్దేయిలో స్తరీతా, దీని వయసు కూడా వందేళ్లు దాటింది, మెట్రో ఒకటో లైన్‌లో మతెర్దేయి స్టేషన్ నుంచి నడకే.

సముద్రపుగాలి:
పెద్దవాళ్లతో దా మికేలే వద్దనే నా సలహా. లోపలికి వెళ్లి నంబరు చీటీ తీసుకుని వీధిలో నిలబడాలి, భోజన సమయంలో గంటకు మించి పట్టొచ్చు, కూర్చోడానికి చోటు ఉండదు. పిలుపు ఇటాలియన్‌లో ఉంటుంది, వినకపోతే నంబరు పోతుంది. స్తరీతాకి తెరిచే సమయానికి పది నిమిషాల ముందు వెళ్తే ఇంత బాధ ఉండదు.

మిరపతోట:
పదకొండున్నర ప్రాంతంలో వెళ్తే దా మికేలేలో కూడా క్యూ తక్కువే. పిండిని అంత పెద్దగా, అంత పల్చగా సాగదీసేది అక్కడే, అందుకే నా ఓటు దానికి. కానీ డెబ్బై ఏళ్లవాళ్లు ఎండలో నిలబడాల్సి వస్తే సముద్రపుగాలి గారి మాటే సరైనది.

ఎక్కడికి వెళ్లినా ఒకటి గుర్తుంచుకోండి: నేపుల్స్ పిజ్జా నడుమ తడిగా, మెత్తగానే ఉంటుంది. సరిగా కాలలేదని వెనక్కి పంపకండి. 2010లో ఐరోపా యూనియన్ రాసిన నిబంధనల ప్రకారం పొయ్యి వేడి 485 డిగ్రీలు, కాలే సమయం 60 నుంచి 90 సెకన్లు, వ్యాసం 35 సెంటీమీటర్లకు మించకూడదు. ఒకటిన్నర నిమిషంలో అంచు పొంగి మచ్చలు పడుతుంది, నడుమ తేమ ఆరే వ్యవధి ఉండదు. కత్తి, ఫోర్కుతో నడుమ నుంచి మొదలుపెట్టి వెంటనే తినేయాలి. ఇదే కారణంగా పార్శిల్ కట్టించకండి, డబ్బాలో ఆవిరి పట్టి పది నిమిషాల్లో తడిసిన గుడ్డలా అవుతుంది. మనిషికి ఒకటి చొప్పున తెప్పించుకోవడం అక్కడి పద్ధతి.

గడపముగ్గు:
వీధి తిళ్లు కూడా చెప్పేస్తాను. ఫ్రిజ్జితొరియా అంటే నూనెలో వేయించినవి అమ్మే కొట్టు. జెప్పొలీనే అచ్చం మన పునుగుల్లా ఉంటాయి, పులిసిన పిండి ఉండలు. స్కల్యోజ్జీ మొక్కజొన్న పిండి ఉడికించి ఆరబెట్టి త్రికోణాలుగా కోసి వేయించినవి. ఈ రెండూ మాంసం, గుడ్డు లేనివి. క్రొక్కే బంగాళాదుంపదే కానీ గుడ్డు, చీజ్, కొన్నిసార్లు పంది ముక్క ఉంటాయి. ఫ్రిత్తతీనా అంటే పాస్తా ముద్ద, లోపల మాంసం తురుము ఉంటుంది. అన్నం ఉండల్లో రగూ. అన్నీ ఒకే నూనెలో వేగుతాయన్నది కూడా నాన్నగారికి చెప్పండి, కాదంటే ఈ కొట్లు వదిలేయడమే.

బాబా అనే కేకుని రమ్ములో నానబెడతారు. గుడ్డు కూడా ఉంటుంది. పెద్దవాళ్లకి నిమ్మకాయ సొర్బెత్తో, పళ్ల సొర్బెత్తో చెప్పండి. పాలు, గుడ్డు లేనివి అవే. క్రేమా అని రాసిన ఐస్‌క్రీముల్లో గుడ్డు పచ్చసొన ఉంటుంది.

వీధి మూలల్లో నిమ్మకాయలు వేలాడదీసిన చిన్న నీళ్ల బడ్డీలు కనిపిస్తాయి. మన నిమ్మసోడా తాగేవాళ్లు అక్కడ తప్పక ఆగాలి. పెద్ద నిమ్మకాయల రసంలో గ్యాసు నీళ్లు పోసి, చివర్లో చెంచాడు వంటసోడా వేస్తారు. గ్లాసు ఒక్కసారిగా పొంగి పొర్లుతుంది, బట్టల మీద పడకుండా కాళ్లు ఎడంగా పెట్టి ముందుకు వంగి గబగబా తాగాలి. దాని పేరు కూడా ఆ అర్థంలోనే ఉంది. బరువైన భోజనం తర్వాత బాగా పనిచేస్తుంది.

సముద్రపుగాలి:
చేప తినేవాళ్లిద్దరికీ: స్పగెత్తీ అల్లె వొంగోలే (గవ్వ జాతి చిన్న ఆలిచిప్పలు), మిరియాలతో ఆవిరి పట్టించిన మస్సెల్స్, వేయించిన నెత్తళ్ల లాంటి అలీచి. చికెన్ అక్కడి సంప్రదాయ మెనూల్లో అరుదు, దానికోసం వెతుక్కోకండి. చేప ధర పక్కన "ఎత్తో" అని ఉంటే అది 100 గ్రాముల ధర. 6 అని చూసి మురిసిపోతే 700 గ్రాముల చేపకి 42 యూరోలు వేస్తారు. వండకముందే తూయించి, మొత్తం ఎంతో అడగండి.

బిల్లులో "కొపెర్తో" అని మనిషికి కొంత పడుతుంది. అది కూర్చున్నందుకు, రొట్టెకి. మోసం కాదు, మెనూలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటితే చాలా వంటగదులు మూసేసి రాత్రి ఏడు, ఏడున్నరకి తెరుస్తారు. పాంపే నుంచి నాలుగింటికి ఆకలితో వస్తే ముక్కలుగా అమ్మే పిజ్జానే దిక్కు.

పాతరాళ్లు:
ఇక పాంపే. చిర్కుంవెజువియానా అనే లోకల్ రైలు, సొరెంతో వైపుది ఎక్కి "పాంపే స్కావీ, విల్లా దెయ్ మిస్తేరి" దగ్గర దిగాలి. 35-40 నిమిషాలు. పాంపే పేరుతో వేరే స్టేషన్లు కూడా ఉన్నాయి, అవి గుడి ఉన్న కొత్త ఊరి వైపువి. చాలామంది నాపోలి చెంత్రాలే కిందనున్న గరిబాల్డి స్టేషన్‌లో ఎక్కుతారు, అప్పటికే బండి నిండి ఉంటుంది. ఒక్క స్టేషన్ వెనక్కి, రైలు బయల్దేరే పోర్తా నొలానా దగ్గర ఎక్కితే అమ్మానాన్నలకు సీటు దొరుకుతుంది. పర్సు, ఫోన్ ముందు జేబులో పెట్టుకోండి.

2024 నవంబరు నుంచి రోజుకి 20,000 మందినే లోపలికి పంపుతున్నారు, టికెట్ మీద పేరు ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే ఇచ్చి ఆన్‌లైన్‌లో కొనండి. 30, 30, 15 సెంటీమీటర్లకు మించిన సంచిని లోపలికి రానివ్వరు. అక్టోబరు ఆఖరు దాకా సాయంత్రం 7 వరకు తెరిచి ఉంటుంది, లోపలికి వెళ్లడానికి ఆఖరు గడువు 5:30.

నీడ దాదాపు లేదు. తాగే నీళ్ల కుళాయిలు ఉన్నాయి, ఖాళీ సీసా పట్టుకెళ్లండి. వీధుల్లో లావా రాళ్లు ఎత్తుపల్లాలు, వాటి మీద బళ్ల చక్రాల గాడులు. మడమ జారేది అక్కడే. "పాంపే పెర్ తుత్తీ" అని మూడు కిలోమీటర్లకు పైగా చదును చేసిన దారి ఉంది, అంఫితెయాత్రో వైపు ద్వారం నుంచి మొదలవుతుంది. మోకాళ్ల నొప్పులుంటే ఆ దారే పట్టండి.

ఏం చూడాలంటే, ఫోరం (ఊరి ప్రధాన చౌకు), ఫోరం పక్క స్నానశాలలు, 2023లో మళ్లీ తెరిచిన వెత్తీ వాళ్ల ఇల్లు, దాని గోడ చిత్రాలు. తిండి మీద ఆసక్తి ఉంది కాబట్టి అయిదో విభాగంలో బయటపడిన థెర్మొపోలియం చూడండి. రంగుల బొమ్మలున్న కౌంటర్, అందులో దించిన మట్టి కుండలు, వేడి వంటకం అమ్మే కొట్టు. రొట్టెల బట్టీల దగ్గర లావారాతి తిరగళ్లు నిలబెట్టే ఉన్నాయి. ఆ బట్టీల్లో బొగ్గైపోయిన రొట్టె, ఎనిమిది భాగాలుగా గాట్లు పెట్టినది, మర్నాడు నేపుల్స్ మ్యూజియంలో కనిపిస్తుంది. ఆ వరసలో చూస్తే రెండూ కలుస్తాయి.

రైలుబండి:
డెబ్బై ఏళ్లవాళ్లకి పాంపే బదులు ఎర్కొలానో (పాంపేలాగే పూడిపోయిన ఇంకో రోమన్ ఊరు) ఆలోచించారా? అదే లైన్‌లో సుమారు 20 నిమిషాలు. చిన్న ఊరు, రెండు మూడు గంటల్లో చూసేయొచ్చు, పై అంతస్తులు, కాలిన చెక్క తలుపులు, మంచాలు మిగిలి ఉన్నాయి. స్టేషన్ నుంచి దిగుడు పది నిమిషాలు, వచ్చేటప్పుడు ఎక్కుడు, అదొక్కటే కష్టం.

పాతరాళ్లు:
నిలబడి ఉన్న ఇల్లు చూడాలంటే ఎర్కొలానోయే. ఊరు ఊరంతా ఎలా ఉండేదో చూడాలంటే పాంపే. ఒకే రోజు రెండూ మాత్రం పెట్టుకోకండి, పెద్దవాళ్లు రెండో చోట ఏమీ చూడలేరు. మొదటిసారి వస్తున్నారు కాబట్టి నేనైతే పాంపేలో చదును దారి అంటాను.

బుధవారం: సాన్సెవేరోలో 1753లో జుసెప్పే సన్మార్తీనో చెక్కిన ముసుగు క్రీస్తు విగ్రహం. పల్చటి గుడ్డ కింద నుదుటి నరం కనిపిస్తుంది. గుడ్డ, ముఖం అన్నీ ఒకే పాలరాయి. ఫోటోలు తీయనివ్వరు. అక్కడి నుంచి సాంతా క్యారా మఠం లోగిలి దగ్గరే. నిమ్మ పసుపు, నీలం రంగుల పలకలు అతికించిన స్తంభాలు, బల్లలు. అమ్మగారు కాసేపు కూర్చోడానికి పాత ఊరిలో ఇంతకంటే ప్రశాంతమైన చోటు లేదు. త్రిబునాలి వీధిలోనే పియో మోంతే అనే చిన్న ప్రార్థనాలయంలో చిత్రకారుడు కరవాజ్జో 1607లో వేసిన చిత్రం "ఏడు దయాకార్యాలు" ఉంది. ఆకలిగొన్నవాడికి పెట్టడం, దాహంతో ఉన్నవాడికి పోయడం, బట్టలేనివాడికి కప్పడం, ఇలా ఏడింటినీ ఒకే రాత్రి వీధిలో ఇరికించి వేశాడు. ఎదురుగా నిలబడి ఒక్కొక్కటీ వెతుక్కోండి, పావుగంట ఇట్టే పోతుంది.

మ్యూజియంలో కింది అంతస్తులో ఫర్నేసే కుటుంబం సేకరించిన పాత విగ్రహాలు ముందు చూడండి. హెర్క్యులిస్ విగ్రహం వెనక్కి వెళ్లి చెయ్యి చూడండి, దాచిపెట్టుకున్న పళ్లు కనిపిస్తాయి. తర్వాత పాంపే చిత్రాలు, మొజాయిక్‌లు.

సముద్రపుగాలి:
గురువారం సాన్ మార్తీనోకి మోంతెసాంతో నుంచి ఫునికులర్ (కొండ ఎక్కే తాడు రైలు) ఎక్కి మోర్గెన్ దగ్గర దిగండి. మఠం డాబా మీద నుంచి వెసూవియస్, అఖాతం, పాత ఊరిని గీతలా చీల్చే స్పక్కనాపోలి వీధి అన్నీ కనిపిస్తాయి. పెదమెంతీనా మెట్లు 414, దిగడానికి అందంగా ఉన్నా మోకాళ్లకి మంచిది కాదు. ఫునికులర్‌లోనే దిగండి. కాపొదిమోంతేకి టాక్సీ తీసుకోండి. ఎక్కగానే, మీటర్ వేయకముందే "తరిఫ్ఫా ప్రెదెతెర్మినాతా" అనాలి, నిర్ణీత ధరల పట్టిక ఉంటుంది. బండి కదిలాక అడిగితే లాభం లేదు.

మిరపతోట:
కాఫీ గురించి రెండు ముక్కలు. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే రెండు మూడింతలు. చాలాచోట్ల ముందు క్యాష్ దగ్గర డబ్బు కట్టి, చీటీ తెచ్చి కౌంటర్ మీద పెట్టాలి. నీళ్లు కాఫీకి ముందు తాగాలి, నోరు శుభ్రం కావడానికి ఇస్తారు. కొన్ని బార్లలో (అక్కడ కాఫీ కొట్లని అలాగే అంటారు) చక్కెర కలిపే ఇస్తారు, వద్దంటే "అమారో". కప్పు కాలిపోయేంత వేడిగా ఉంటుంది, పెదవికి తగిలించేముందు చూసుకోండి. మనకి అలవాటైన పాల కాఫీకి దగ్గరిది కప్పుచ్చీనో, నాన్నగారికి పొద్దున్న అది చెప్పండి.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. ఇలా రాసుకున్నాను. మంగళవారం 8:30కి పోర్తా నొలానాలో ఎక్కి పాంపే, మూడింటికల్లా వెనక్కి, రాత్రి స్తరీతా. బుధవారం 10కి సాన్సెవేరో, సాంతా క్యారా, భోజనం, తర్వాత రెండింటికి డ్వోమో (ఊరి ప్రధాన చర్చి), పియో మోంతే, నాలుగింటికి మ్యూజియం. గురువారం సాన్ మార్తీనో, మధ్యాహ్నం కాపొదిమోంతే. తప్పేమైనా ఉందా?

పాతరాళ్లు:
రెండు మార్పులు. మంగళవారం చదును దారి కావాలంటే స్కావీ స్టేషన్ దగ్గరున్న మరీనా ద్వారంలోంచి వెళ్లకండి, అక్కడ ఏటవాలు ఎక్కాలి. ఊరి అంచు మీదుగా పియాజ్జా అంఫితెయాత్రో ద్వారం దాకా ఇరవై నిమిషాల నడక, లేదా టాక్సీ. బుధవారం డ్వోమోని భోజనం ముందుకి జరపండి. నేపుల్స్ చర్చిలు మధ్యాహ్నం మూస్తాయి. సాన్సెవేరో, డ్వోమో, పియో మోంతే, భోజనం, ఆ తర్వాత సాంతా క్యారాలో విశ్రాంతి. అక్కడి నుంచి దాంతే స్టేషన్‌కి నడిచి ఒక్క స్టాప్ మెట్రో ఎక్కితే మ్యూజియం గుమ్మం ముందే దిగుతారు. నాలుగింటికి కాకుండా మూడున్నరకే చేరండి, రాత్రి ఏడున్నరకి మూసేస్తారు కనక రొట్టె ఉన్న గది దాకా తీరిగ్గా వెళ్లొచ్చు.